నేటాల్ ఓడ జాబితాల్లో మీవాళ్ళని వెతకడం ఎలా: పేరుతో కాదు, నంబరుతో మొదలుపెట్టండి

దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతమే నేటాల్. ఒకప్పుడు అక్కడికి కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ గురించి నాకు రెండు రకాల ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఒకటి ఇక్కడివాళ్ళది: "మా తాతగారి అన్న నేటాలు వెళ్ళిపోయాడని మా నాయనమ్మ చెప్పేది. ఆయన సంతతి ఎక్కడుందో తెలుసుకోవచ్చా?" రెండోది డర్బన్‌లో స్నేహితులో చుట్టాలో ఉన్నవాళ్ళది: "వీళ్ళ ముత్తాత మద్రాసు నుంచి వచ్చాడట. ఊరు తెలీదు. తెలుగువాళ్ళం కదా, మనమేమైనా కనుక్కోగలమా?" ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు, నేను చేసే పద్ధతంతా ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

ముందు రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను. అక్కడి నుంచి ఇక్కడికి వెతకడం తేలిక. ఇక్కడి నుంచి అక్కడికి వెతకడం కష్టం. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

1860 నుంచి 1911 దాకా గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద, మన దేశం నుంచి నేటాల్‌కి 1,52,184 మంది వెళ్ళారు. అందులో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళే. మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. ప్రతి ఓడకీ ఒక జాబితా ఉంది. ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది.

ఇలాంటి జాబితాలు వేరే దేశాలవాళ్ళకీ ఉన్నాయి. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళ మనవలు హాంబర్గ్ రేవులో 1850 నుంచి 1934 దాకా రాసిన జాబితాలు పట్టుకుని ఊరు వెతుక్కుంటారు. అయితే వాళ్ళు టికెట్టు కొనుక్కున్న ప్రయాణికులు. వాళ్ళ జాబితాలో ఇంటిపేరు, వృత్తి, ఊరు ఉంటాయి. మనవాళ్ళ జాబితాలో ఇంటిపేరు గడి లేదు. దాని బదులు మోకాలి మీద మచ్చ ఉంటుంది. తోటలో కూలీ తప్పిపోతే గుర్తుపట్టడానికి రాసుకున్న పట్టిక అది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఏ గడిని నమ్మాలో, ఏ గడిని నమ్మకూడదో అర్థమవుతుంది.

ఈ పద్ధతి ఎవరికి పనికిరాదు

రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళకి పనికిరాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి బర్మా వెళ్ళిన మనవాళ్ళలో ఎక్కువమంది మేస్త్రీల వెంట వెళ్ళినవాళ్ళే. ఒక్కొక్కరికీ నంబరు వేసి ఊరు రాసిన ఇలాంటి జాబితా వాళ్ళకి లేదు. సిలోను, మలయా తోటలకి కంగాణీల (కూలీలను పోగుచేసి తీసుకెళ్ళే పెద్దల) వెంట వెళ్ళినవాళ్ళ సంగతీ అంతే.

సొంత ఖర్చుతో టికెట్టు కొనుక్కుని దక్షిణాఫ్రికా వెళ్ళిన వ్యాపారులు, గుమాస్తాలు కూడా ఈ జాబితాల్లో ఉండరు. అక్కడ వాళ్ళని పాసెంజర్ ఇండియన్లు అనేవారు. మీ కుటుంబ కథలో "దుకాణం పెట్టుకోవడానికి వెళ్ళాడు" అని ఉంటే ఇక్కడ టైము పెట్టకండి.

అలాగే 1866 తర్వాత 1874 దాకా ఓడలు ఆగిపోయాయి. తిరిగొచ్చిన కూలీలు అక్కడి బాధలు మద్రాసులో చెప్పుకుంటే, విచారణ జరిగాకే మళ్ళీ మొదలయ్యాయి. "మా తాత 1870లో వెళ్ళాడు" అని ఇంట్లో చెబుతున్నారంటే ఆ ఏడాది తప్పు అన్నమాట. అటో ఇటో జరిపి చూడాలి.

కావలసినవి

ఒక నోటుబుక్కు, కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీటు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు పాత జిల్లాలు, తాలూకాలు చూపే మ్యాపు ఒకటి. మీ జిల్లా సెన్సస్ పుస్తకంలో గ్రామాల పట్టిక. డర్బన్ వైపు కుటుంబం ఉంటే వాళ్ళ దగ్గరున్న జనన, వివాహ, మరణ పత్రాల స్కాన్లు. పాత కుటుంబ రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచిత ఖాతా. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడానికి రెండు మధ్యాహ్నాలు.

1. ముందు ఇంట్లో అడగండి, విన్నది విన్నట్టు రాయండి

పెద్దవాళ్ళు చెప్పిన పేరు ఎలా పలికారో అలాగే రాయండి. "అప్పలసామి" అంటే "అప్పలస్వామి" అని దిద్దకండి. గుమాస్తా చెవికి పడింది కూడా ఆ పలుకుబడే కదా.

అడగాల్సినవి ఇవి: ఆయన ఒక్కడే వెళ్ళాడా, ఊళ్ళోవాళ్ళు ఇంకెవరైనా కలిసి వెళ్ళారా? పెళ్ళయ్యాక వెళ్ళాడా? ఎప్పుడైనా డబ్బు గానీ ఉత్తరం గానీ వచ్చిందా? వస్తే దాని మీద ఏ ఊరి ముద్ర ఉంది? వెళ్ళేటప్పటికి ఇంట్లో ఏం జరిగింది, కరువా, తగాదానా, ఎవరైనా పోయారా? ఏడాది పట్టుకోవడానికి ఈ చివరి ప్రశ్న చాలా పనికొస్తుంది. "ఆ ఏడు గంజి కూడా లేదు" అన్న మాట తారీఖుతో సమానం. 1876–78 నాటి పెద్ద కరువు (ధాత కరువు) రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల్లో తరతరాలు చెప్పుకున్నారు.

డర్బన్ వైపు కుటుంబాన్ని అడగాల్సింది ఒక్కటే: పాత కాగితాల మీద ఎక్కడైనా పేరు పక్కన విడిగా ఒక అంకె ఉందా?

2. నంబరు పట్టుకోండి

పని మొత్తంలో ఇదే ముఖ్యం. నేటాల్‌లో దిగిన ప్రతి గిర్మిటియాకీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చారు. మొగుడికి ఒకటి, పెళ్ళానికి ఒకటి, చంకలో పిల్లకి ఒకటి. ఆ నంబరు వాళ్ళని చచ్చేదాకా వదల్లేదు. గడువు తీరినట్టు ఇచ్చిన పత్రం మీద, పెళ్ళి రిజిస్టరులో, అక్కడ పుట్టిన పిల్లల జనన పత్రాల్లో తల్లిదండ్రుల పేర్ల పక్కన అదే నంబరు కనిపిస్తుంది.

కాబట్టి మనిషి పత్రం దొరక్కపోతే ఆయన పిల్లల పత్రాలు చూడండి. పెద్ద కొడుకువి లేకపోతే చిన్న కూతురివి. ఫ్యామిలీసెర్చ్‌లో నేటాల్ ప్రావిన్సు పాత వివాహ, మరణ రికార్డుల బొమ్మలు (స్కాన్లు) ఉన్నాయి. పట్టికలో పేరు చూసి ఆగిపోవద్దు. బొమ్మ తెరిచి అంచులు కూడా చదవండి. నంబరు తరచు మార్జిన్‌లో, సన్నటి చేతిరాతలో ఉంటుంది.

హెచ్చరిక: అక్కడ పుట్టిన పిల్లలు ఓడ జాబితాలో ఉండరు. ఓడలో వచ్చినవాళ్ళే ఉంటారు. "మా తాత పేరు జాబితాలో లేదు" అని బాధపడేవాళ్ళు చాలామంది అక్కడ పుట్టిన తాత కోసమే వెతుకుతుంటారు. ఇంకో తరం వెనక్కి వెళ్ళాలి.

నంబరు దొరికిందంటే దానికదే ఒక పరీక్ష. నంబర్లు వరసలో నడిచాయి. 1860–66 మొదటి విడతలో వచ్చినవాళ్ళు సుమారు 6,400 మందే. మీ నంబరు ఐదంకెల్లో ఉండి, కుటుంబం "మావాళ్ళు ట్రూరోలో వచ్చారు" అంటుంటే ఆ కథ నిలబడదు. ఈ మాట చెప్పాల్సి వస్తే నెమ్మదిగా చెప్పండి. మొదటి ఓడలో వచ్చామన్నది అక్కడ చాలా కుటుంబాలకి గర్వకారణం.

3. జాబితాలో ఆ వరస తెరవండి

డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ ఓడ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించింది. అసలు పుస్తకాలు దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మొదట కంప్యూటర్ పట్టికతో పని కానివ్వండి.

వరస ఎలా ఉంటుందో చూపిస్తాను. ఇది మీకు చూపడానికి నేను అల్లిన నమూనా, నిజం మనిషిది కాదు:

పేరు: అప్పల్సామి. తండ్రి: సన్నెసి. వయసు: 22. మగ. కులం: గవర. జిల్లా: విజగపటం. తాలూకా: సర్వసిద్ధి. ఊరు: కొతూర్. గుర్తు: ఎడమ మోకాలి మీద మచ్చ.

ఒక్కో గడిని ఎంతవరకు నమ్మాలంటే:

తండ్రి పేరు చాలామటుకు నమ్మొచ్చు. దాన్ని మార్చి చెప్పాల్సిన అవసరం పెద్దగా ఎవరికీ లేదు.

వయసు నమ్మొద్దు. పుట్టిన రోజు ఎవరికీ తెలియని కాలం. గుమాస్తా మొహం చూసి 20, 25, 30 అని రాసేవాడు. అటు ఐదు, ఇటు ఐదు వదిలిపెట్టండి.

కులం గడిని ఆధారంగా పెట్టుకోకండి. చెప్పినవాళ్ళు మార్చి చెప్పారు, విన్నవాళ్ళు తప్పుగా విన్నారు, రాసినవాళ్ళు తమకు తెలిసిన మాట రాశారు. పైగా నేటాల్‌లో స్థిరపడ్డాక "నాయుడు" అన్నది ఎందరో ఇంటిపేరులా పెట్టుకున్నారు. ఇంగ్లీషులో చివర రెండు ఓలు పెట్టి రాస్తారు. అక్కడి నాయుడు ఇక్కడి ఏ కులమో ఆ పేరును బట్టి చెప్పలేం.

జిల్లా, తాలూకా గడులు చాలా విలువైనవి. కాని అవి ఆనాటి జిల్లాలు. దాని గురించి కింద విడిగా చెబుతాను.

మచ్చల గడి చూసి దాటేయకండి. ఆడవాళ్ళకి పచ్చబొట్టు ఎక్కడుందో రాసి ఉంటుంది. ఒకే ఓడలో ఇద్దరు లక్ష్మమ్మలు, ఇద్దరి తండ్రీ రామయ్యే అయినప్పుడు, చేతి మీది పచ్చబొట్టే వాళ్ళని విడదీస్తుంది.

ఇంకో పని: మీ మనిషికి పైన పది వరసలు, కింద పది వరసలు కూడా రాసుకోండి. కలిసి వచ్చినవాళ్ళ నంబర్లు తరచు పక్కపక్కనే ఉంటాయి. మీ మనిషి ఊరు చదవలేని విధంగా ఉన్నా, పక్క వరసలోని వాడిది అదే తాలూకా, అదే ఊరు స్పష్టంగా రాసి ఉండొచ్చు.

4. నంబరు దొరక్కపోతే: పేరుతో వెతికే దారి

ఇక్కడి నుంచి అక్కడికి వెతికేవాళ్ళకి ఇదొక్కటే దారి. అందుకే కష్టం అన్నాను. మన దగ్గర ఇంటిపేరు ఉంటుంది, జాబితాలో ఇంటిపేరు ఉండదు. మిగిలేవి ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు. మూడూ తెలిస్తే దిగండి. ఒక్క పేరే తెలిస్తే దొరికే వందమంది అప్పన్నల్లో మీ అప్పన్న ఎవరో ఎవరూ చెప్పలేరు.

పేరు ఎలా పాడవుతుందో తెలిస్తే వెతకడం తేలిక. ఓడెక్కే ముందు కూలీలను ఉంచిన మద్రాసు డిపోలో తెలుగు పేర్లు చాలాసార్లు అరవం అలవాటైన చెవుల్లో పడ్డాయి. తర్వాత ఇంగ్లీషు కలంలోంచి కాగితం మీదికి వచ్చాయి. రెండు చోట్లా మార్పు జరిగింది.

అరవ చెవికి గ, క ఒకటే. బ, ప ఒకటే. డ, ట ఒకటే. జ వెళ్ళి చ గానో స గానో మారుతుంది. కాబట్టి గంగయ్య కోసం కంగయ్య, బాలయ్య కోసం పాలయ్య, జగ్గయ్య కోసం సగ్గయ్య, చగ్గయ్య అన్నీ కొట్టి చూడండి.

ఇంగ్లీషు కలం సంగతి: ఆ రోజుల్లో మన "అ" అచ్చుకి ఏ బదులు యూ రాయడం బాగా వాడుక. గంగమ్మ చూడటానికి గుంగమ్మలా ఉంటుంది. లక్ష్మి వెళ్ళి లచ్చిమి అయి, టీ-సీ-హెచ్ అక్షరాలతో లుచ్మీ అవుతుంది. ఎ తో మొదలయ్యే పేరుకి ముందు వై చేరుతుంది: ఎర్రన్న, ఎల్లమ్మ కోసం వై కింద వెతకండి. వెంకడు కూడా యెంకడు అయి వై కిందికి పోవచ్చు. స్వామిలో వత్తు పోయి సామి మిగులుతుంది. చివరి డు, ఒక్కోసారి గాడు కూడా పేరులో భాగమైపోతుంది. ఊళ్ళో పిలిచిన పిలుపే అక్కడ శాశ్వతమైన పేరైన మనుషులున్నారు. ఆ వరసలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. మధ్య మూడు నాలుగు హల్లులే పెట్టి, తండ్రి పేరుతో, జిల్లాతో వడకట్టండి.

ఇక మనకి మాత్రమే తెలిసిన ఒక సంగతి ఉంది. మన పేర్లు ప్రాంతం చెబుతాయి. అప్పల, పైడి, సింహాచలం, సింహాద్రి ఉన్నాయంటే ఉత్తరాంధ్ర. పెంచలయ్య అంటే నెల్లూరు, కడప వైపు పెంచలకోన నరసింహస్వామి భక్తులు. మాలకొండయ్య అంటే ఒంగోలు, కందుకూరు వైపు. కోటయ్య, యల్లమంద అంటే కోటప్పకొండ చుట్టుపక్కల. ముని తో మొదలైతే చిత్తూరు, తిరుపతి వైపు ఎక్కువ. సింహాచలం అనే మనిషికి జిల్లా తంజావూరు అని కనిపిస్తే, కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వరస తప్పిందేమో అని అసలు బొమ్మ అడగాలి. డర్బన్‌లో కూర్చున్న పరిశోధకుడికి ఇది తట్టదు, మీకు తడుతుంది. ఇది రుజువు కాదు, అనుమానించడానికి, వడకట్టడానికి పనికొచ్చే సూచన.

5. జిల్లాని ఆనాటి మ్యాపు మీద పెట్టండి

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఇప్పటి జిల్లా తీసుకెళ్ళి జాబితాలో వెతుకుతారు, దొరకదు. లేదా జాబితాలో జిల్లా చూసి ఇప్పటి జిల్లాకి బస్సెక్కేస్తారు.

శ్రీకాకుళం ఆ రోజుల్లో గంజాం జిల్లాలో ఉండేది. పట్టణం పేరు ఇంగ్లీషులో చికాకోల్. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే అది విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో వేరే జిల్లా అయింది. జాబితాలో "గంజాం" చూసి "మావాళ్ళు ఒరియావాళ్ళా?" అని అడిగిన తెలుగు కుటుంబాలున్నాయి. తాలూకా గడి చూస్తే తేలిపోతుంది.

విజయనగరం 1979 దాకా జిల్లా కాదు. అక్కడివాళ్ళంతా విజగపటం, అంటే విశాఖపట్నం, కింద ఉంటారు. నమూనాలో సర్వసిద్ధి అని రాశాను కదా, ఆ పేరుతో విశాఖ జిల్లాలో తాలూకా ఉండేది, దాని కచేరీ ఎలమంచిలిలో. ఇప్పటి మ్యాపులో సర్వసిద్ధి తాలూకా కోసం వెతికితే ఎలా దొరుకుతుంది?

భీమవరం, తణుకు 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత కృష్ణా. పశ్చిమ గోదావరి పుట్టింది 1925లో. గుంటూరు జిల్లా కూడా 1904లోనే వచ్చింది, అంతకుముందు గుంటూరువాళ్ళు కృష్ణా కింద ఉంటారు. ఇంగ్లీషులో కిస్ట్నా. ఒంగోలు 1904కి ముందు నెల్లూరు జిల్లా. అనంతపురం 1882కి ముందు బళ్ళారి జిల్లా.

చిత్తూరు వాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడింది. నేటాల్ ఓడలు ఆగిపోయింది కూడా ఆ ఏడాదే. కాబట్టి చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళు నార్త్ ఆర్కాట్ కింద, మదనపల్లి వాళ్ళు కడప కింద ఉంటారు. నార్త్ ఆర్కాట్ అనగానే తమిళులని కొట్టిపారేయకండి.

పట్టణాల పాత ఇంగ్లీషు పేర్లు: కాకినాడ అంటే కోకనాడ, మచిలీపట్నం అంటే మసులిపటం, ఏలూరు అంటే ఎల్లోర్, భీమునిపట్నం అంటే బిమ్లిపటం.

తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం. జిల్లా గడిలో కనిపించేవి ఎక్కువగా మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే.

ఇంకొక్క మాట. డర్బన్ పత్రాల్లో పుట్టిన చోటు "మద్రాసు" అని ఉంటే అది చెన్నపట్నం అని కాదు. మద్రాసు రేవులో ఓడెక్కిన ప్రతివాడూ అక్కడ మద్రాసీయే. ఊరు ఓడ జాబితాలోనే చూసుకోవాలి.

6. ఊరు తేల్చండి

తాలూకా తేలాక దాని కింది గ్రామాల పట్టిక తీయండి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి ఒక పాత తాలూకాకి ఇప్పుడు నాలుగైదు మండలాలు చూడాల్సి వస్తుంది. జాబితాలోని ఊరి పేరును పైకి చదవండి. కళ్ళతో కాదు, నోటితో. పైకి చదువుతుంటే "కొతూర్" కొత్తూరని మీ చెవికే తెలుస్తుంది.

కొత్తూరు, కొత్తపేట, రామాపురం, వెంకటాపురం, అగ్రహారం, పాలెం: ఈ పేర్లు వచ్చాయంటే ఆగండి. ఒక్క తాలూకాలోనే మూడు నాలుగు ఉంటాయి. ఈ విషయంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఒక కుటుంబానికి "కొత్తపేట" చూడగానే నాకు తెలిసిన కొత్తపేట చెప్పేశాను. తాలూకా గడి సరిగ్గా చదవలేదు. వాళ్ళు అంత దూరం నుంచి వచ్చి ఆ ఊరి గుడిలో కొబ్బరికాయ కొట్టి, మట్టి చిన్న సీసాలో పట్టుకుని వెళ్ళారు. ఆరునెలల తర్వాత అసలు బొమ్మ చూస్తే ఊరు వేరే. ఆ ఫోన్ చేయడం నాకు చాలా కష్టమైంది. అప్పటి నుంచి రెండో ఆధారం లేకుండా ఊరి పేరు నేను ఎవరికీ చెప్పను. మీరూ చెప్పకండి.

సెన్సస్ పట్టికలో రెవెన్యూ గ్రామాలే ఉంటాయి. శివారు గ్రామాలు ఉండవు. పట్టికలో కనిపించకపోతే ఊరే లేదనుకోకండి. ఆ ప్రాంతపు వీఆర్వోని గానీ, పోస్ట్‌మ్యాన్‌ని గానీ అడగండి. శివారు పేర్లు వాళ్ళకి నోటికొస్తాయి.

7. సరిచూసుకోండి

దొరికింది మీ మనిషేనా? నేను పెట్టుకున్న నియమం ఇది. నంబరు ఉంటే: ఆ నంబరు కనీసం రెండు వేరువేరు పత్రాల్లో ఒకేలా ఉండాలి. చేతిరాతలో 1 కి 7 కి, 3 కి 8 కి తేడా తెలియదు. ఒక్క అంకె మారితే పక్కింటి తాత మీ తాత అయిపోతాడు. నంబరు లేకపోతే: పేరు, తండ్రి పేరు, తాలూకా మూడూ కలవాలి. పైగా నేటాల్ వైపు నుంచి ఇంకొక్కటి, భార్య పేరో, పనిచేసిన తోటో కలవాలి.

పనిలో పెట్టుకున్న యజమాని గానీ తోట గానీ తెలిస్తే దాన్ని పిల్లలు పుట్టిన చోటుతో పోల్చండి. గిర్మిట్ ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో పుట్టిన బిడ్డ ఆ తోట దగ్గరే పుట్టి ఉండాలి. తండ్రి బొగ్గు గనుల వైపు పనిలో ఉంటే, అదే ఏడాది బిడ్డ సముద్రం ఒడ్డున చెరుకు తోటలో పుట్టినట్టు ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఓడ పేరు విషయంలో కూడా జాగ్రత్త. ఉమ్లాజి, ఉమ్వోటి, కాంగెల్లా లాంటి ఓడలు ఎన్నోసార్లు తిరిగాయి. ఓడ పేరు ఒక్కటే సరిపోదు, ఎన్నో ప్రయాణమో, చేరిన తారీఖేదో రాసుకోవాలి. బయల్దేరిన తారీఖు, చేరిన తారీఖు కలిపేయకండి. ట్రూరోకే రెండిటి మధ్య నెల పైన ఉంది.

అన్నీ కలిశాక అసలు పుస్తకం నకలు తెప్పించుకోండి. కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు శ్రద్ధగానే చేశారు, కాని వాళ్ళకి మన ఊర్ల పేర్లు కొత్త. అసలు రాత చూస్తే మీరు ఇంకో అక్షరం ఎక్కువ చదవగలుగుతారు. ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) లాంటి అధికారిక పనికోసం అయితే ముద్ర ఉన్న నకలే అడగండి.

ఒక పొరపాటు దారి గురించి కూడా చెప్పేస్తాను. చాలామంది ముందు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తారు. వలస గురించి ప్రభుత్వ ఉత్తర్వులు అక్కడ బోలెడు. చదవాలనుకుంటే బంగారం. ఒక్క మనిషి పేరు కోసమైతే అక్కడ మొదలుపెట్టకండి.

ఫిజీ, మారిషస్ వాళ్ళకి

పద్ధతి ఇదే, చోటు వేరు. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 87 ప్రయాణాల్లో అరవై వేల పైచిలుకు మంది వెళ్ళారు. మద్రాసు నుంచి ఓడలు మొదలైంది 1903లో, కాబట్టి మన తెలుగువాళ్ళని ఆ తర్వాతే వెతకండి. అక్కడ మనిషికో ఎమిగ్రేషన్ పాస్ ఉంటుంది. ఎత్తు, గుర్తులు, దగ్గరి బంధువు పేరు కూడా అందులో ఉంటాయి. అవి సువాలో ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి కొందరి ఫోటోలతో సహా. మారిషస్‌లో మన తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద.

8. ఊరికి వెళ్ళేటప్పుడు

వెళ్ళే ముందు ఫోన్ చేసి, ఊళ్ళో పెద్దవయసువాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. కార్లో పదిమంది దిగి "మా తాత ఇల్లెక్కడ?" అంటే ఊరు బిగుసుకుంటుంది. భూమి కోసం వచ్చారేమో అన్న భయం ఉంటుంది. "మాకేమీ అక్కర్లేదు, పేరు తెలుసుకుందామని వచ్చాం" అని మొదటి మాటే చెప్పండి.

కులం అడుగుతూ మొదలుపెట్టకండి. "ఇక్కణ్ణుంచి నేటాలు వెళ్ళినాయన ఎవరైనా ఉన్నారని విన్నారా?" అనండి. నేటాలు తెలియకపోతే "ఓడెక్కి పోయినాయన" అని అడగండి. తండ్రి పేరు చెప్పండి. మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కాబట్టి, సన్యాసి కొడుకు వెళ్ళిపోయిన ఇంట్లో ఇంకో సన్యాసి ఉండే వీలుంది. ఇంటిపేరు దొరికేది ఇక్కడే, నోటి మాటగా.

రెవెన్యూ ఆఫీసులో పాత డైగ్లాట్ రిజిస్టరు (భూముల పుస్తకం) ఉందేమో అడగండి. అందులో పట్టాదారుల పేర్లు ఇంటిపేర్లతో ఉంటాయి. కాని ఓడెక్కినవాళ్ళలో చాలామందికి పట్టా భూమి లేదు. అందులో కనబడలేదంటే మనిషి ఆ ఊరివాడు కాదని అర్థం కాదు.

జాబితా వరసని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పది జిరాక్సులు తీసి పట్టుకెళ్ళండి. పేరు, తండ్రి పేరు, వెళ్ళిన ఏడాది, గుర్తు. నమూనాలోలా "ఎడమ మోకాలి మీద మచ్చ" అని చదివినప్పుడు ఒక ముసలామె తన తమ్ముడి కొడుకు మోకాలు చూడమంటుంది. మచ్చ వారసత్వంగా రాదని తెలిసినా చూడండి. కాగితం ఒకటి ఆమె దగ్గర వదిలి, వెనక మీ ఫోన్ నంబరు రాసి రండి. చాలాసార్లు అసలు కబురు మీరు తిరిగొచ్చాక, ఆ కాగితం చూసిన ఇంకెవరో చేసిన ఫోన్లో వస్తుంది.